పిజ్జాకీ ఓ ఊరుంది!

పల్చగా కరకరలాడేది ఒకటి, లోతైన మూకుడులో నింపి కాల్చేది ఇంకొకటి, అంచు చుట్టూ చీజ్‌ ఎర్రగా వేగి పెళుసెక్కేది మరొకటి... పేరు ఒక్కటే అయినా పిజ్జా ఊరికో తీరు. నేపుల్స్‌ సందుల్లోని కట్టెల పొయ్యి నుంచి మన వీధి చివరి చైన్‌ దుకాణం దాకా ఆ తీరుతెన్నులేమిటో, దేని గొప్ప దేనిదో చూద్దాం రండి!

‘మీడియమా, లార్జా? హ్యాండ్‌ టాస్డా, పాన్‌ పిజ్జానా, థిన్‌ క్రస్టా?’

హైదరాబాద్‌లోనైనా ఏలూరులోనైనా పిజ్జా ఆర్డరు చేయబోతే ముందు ఎదురయ్యే ప్రశ్నలివి. మనలో చాలామందిమి ఏదో ఒకటి చెప్పేసి గబగబా తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతాం. పనీరా, చికెనా? ఎక్స్‌ట్రా చీజ్‌ వేయించుకోవాలా వద్దా? ఇంట్లో చర్చంతా అక్కడే జరుగుతుంది. అసలు సంగతి మాత్రం మొదటి ప్రశ్నలోనే ఉండిపోతుంది. పైన చల్లేవి ఎవరైనా, ఎక్కడైనా చల్లొచ్చు. కింది రొట్టెకు పిండి ఎలా కలిపారు, ఎంతసేపు పులియనిచ్చారు, ఏ పొయ్యిలో ఎంత వేడి మీద కాల్చారు... ఒక పిజ్జాను మరో పిజ్జా నుంచి వేరు చేసేవి ఇవే. ఆ రొట్టె తీరును తీర్చిదిద్దింది ఒక్కో ఊళ్లో దొరికిన వంటచెరకు, అక్కడి జనం పని వేళలు, వాళ్ల జేబులోని డబ్బులు. ఆ ఊళ్ల కథలు తెలిస్తే మనం రోజూ చూసే చైన్‌ పిజ్జాల మెనూ కూడా కొత్తగా కనిపిస్తుంది.

తొంభై సెకన్లలో సిద్ధం

ఇటలీలోని నేపుల్స్‌ రేవుపట్నం. ఇరుకు ఇళ్లు, వంటకు చోటు లేని గదులు, పొద్దున్నే పనికి పరుగెత్తే కూలీలు. వాళ్లకు చవగ్గా, చేత్తో పట్టుకుని తినేందుకు వీలుగా దొరికిన తిండి పిజ్జా. తొలిరోజుల నుంచీ ఉన్న ‘మరినారా’ పిజ్జాలో చీజే ఉండదు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్‌ నూనె... అంతే. 1889లో రాణి మార్గెరీటా నేపుల్స్‌కు వచ్చినప్పుడు రఫాయెలె ఎస్పోసితో అనే వంటగాడు టమాటా, మోజరెల్లా, తులసి జాతి ఆకు బేసిల్‌తో ఇటలీ జెండా రంగుల్లో పిజ్జా చేసిపెట్టాడనీ, దానికే ఆమె పేరు వచ్చిందనీ ఓ కథ ప్రచారంలో ఉంది. చరిత్రకారులు ఆ కథను పూర్తిగా నమ్మరుగానీ, మార్గెరీటా పిజ్జా మాత్రం ప్రపంచమంతా తిరిగొచ్చింది.

నేపుల్స్‌ పిజ్జా తయారీని దగ్గర నుంచి చూస్తే కళ్లు తిప్పుకోలేం. పావుకిలో బరువుండే పిండిముద్దను పాలరాతి బల్ల మీద పెట్టి వేళ్లతో మధ్యలోంచి అంచులకు నొక్కుకుంటూ వెళతారు. అప్పడాల కర్ర ముట్టరు. లోపలి గాలి అంతా అంచుకు చేరాలి మరి. గరిటెడు టమాటా గుజ్జును మధ్యలోంచి చుట్లు చుట్టుకుంటూ పరుస్తారు. చీజ్‌ ముక్కలు, రెండు ఆకులు, ఓ చుక్క నూనె వేసి పొడవాటి పార మీదికి లాగి పొయ్యిలోకి తోస్తారు. కట్టెల మంటతో ఆ పొయ్యి లోపల 400 డిగ్రీల సెల్సియస్‌ పైమాటే. అరవై నుంచి తొంభై సెకన్లు! ఆ కాసేపట్లోనే అంచు పూరీలా పొంగి, అక్కడక్కడా నల్లటి మచ్చలు పడతాయి. మధ్యభాగం మాత్రం మెత్తగా, తడిగా ఉండిపోతుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి నడుస్తూనే తినేయడం అక్కడి వీధుల్లో అలవాటు.

ఈ పద్ధతి చెడిపోకూడదని 1984లో అక్కడ ఓ సంఘం పెట్టుకున్నారు. పిండిలో ఏం వేయాలో, పొయ్యి ఎంత వేడిగా ఉండాలో, అంచు ఎంత మందం ఉండాలో రాసుకున్నారు. 2017లో నేపుల్స్‌ పిజ్జా తయారీ కళకు యునెస్కో వారసత్వ గుర్తింపు కూడా దక్కింది. 1870 నుంచి ఉన్న ‘దా మికేలె’ అనే దుకాణమైతే తరతరాలుగా మరినారా, మార్గెరీటాలనే నమ్ముకుని పేరు తెచ్చుకుంది. రొట్టె మీద నమ్మకం ఉంటే పొడవాటి మెనూ అక్కర్లేదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి!

ముక్క కొనుక్కుని మడత పెట్టి...

ఇటలీ నుంచి బతుకుదెరువు కోసం అమెరికా వెళ్లినవాళ్లు పిజ్జానూ వెంట తీసుకెళ్లారు. న్యూయార్క్‌లో మొదట పేరు తెచ్చుకున్న దుకాణం లొంబార్డీస్‌. 1905 నాటి నుంచి దాని కథ చెబుతారు. అక్కడ కట్టెల కన్నా బొగ్గు తేలిగ్గా దొరికేది. రొట్టెలు కాల్చే పెద్ద బొగ్గు పొయ్యిలు అప్పటికే ఉన్నాయి. కట్టెల మంటంత తడి లేని ఆ పొడి వేడికి పిజ్జా అడుగు గట్టిపడి కరకరలాడటం మొదలైంది. తర్వాత గ్యాస్‌ ఓవెన్లు వచ్చాయి. వేడి తగ్గింది, కాలే సమయం పెరిగింది. తాజా మోజరెల్లా అంతసేపు కాలితే నీరు వదులుతుంది కాబట్టి తేమ తక్కువుండే చీజ్‌ వాడకంలోకి వచ్చింది. పిండిలో కాస్త నూనె, చక్కెర చేరాయి. అలా పుట్టిందే నేటి న్యూయార్క్‌ పిజ్జా. దాదాపు 18 అంగుళాల వెడల్పు, పల్చని రొట్టె, ఎనిమిది ముక్కలు.

ఆ ఊరి మరో గొప్ప పిజ్జాను ముక్కగా అమ్మడం. ఆఫీసుకు పరుగెత్తేవాడు ఒక్క ముక్క కొనుక్కుంటాడు. దుకాణదారు దాన్ని మళ్లీ ఓవెన్‌లో పడేసి వేడిచేసి కాగితపు పళ్లెంలో ఇస్తాడు. నిలువుగా మడిచి, నూనె చొక్కా మీద కారకుండా తింటూ వెళ్లిపోవడమే. పిజ్జా ముక్క ధర, సబ్‌వే రైలు టికెట్‌ ధర ఇంచుమించు ఒకేలా పెరుగుతూ ఉంటాయని 1980ల నుంచీ న్యూయార్క్‌వాసులు చెప్పుకొంటారు. సామాన్యుడి ఖర్చును కొలవడానికి పిజ్జా ముక్కనే ఎంచుకున్నారంటే ఊరి బతుకులో అది ఎంతగా కలిసిపోయిందో అర్థమవుతుంది.

న్యూయార్క్‌కు కొద్ది దూరంలోని న్యూహేవెన్‌ది ఇంకో దారి. ఫ్రాంక్‌ పెపె 1925లో తెరిచిన దుకాణం ఇప్పటికీ బొగ్గు పొయ్యినే నమ్ముకుంది. వంకర టింకర ఆకారం, మాడిన అంచులు అక్కడి ముద్ర. సముద్రపు గుల్లలు, వెల్లుల్లి వేసి టమాటా లేకుండా చేసే తెల్ల పిజ్జా అక్కడి ప్రత్యేకత. మామూలు టమాటా పిజ్జా అడిగితే మోజరెల్లా వేయరు, కావాలంటే విడిగా చెప్పాలి. తీరప్రాంతపు ఊరు కాబట్టి దగ్గర్లో దొరికే గుల్లలే పిజ్జా మీదికెక్కాయి. మిగతాది పొయ్యి చూసుకుంది.

షికాగో: కత్తీ ఫోర్కూ కావాల్సిందే

1943లో షికాగోలో ఐక్‌ సివెల్‌, రిక్‌ రికార్డో కలిసి ‘పిజ్జేరియా ఉనో’ తెరిచారు. చిరుతిండిగా చూసే పిజ్జాను ఆ దుకాణం కూర్చుని తినే పూర్తి భోజనంగా అందించింది. లోతైన గుండ్రటి మూకుడు అంచుల దాకా పిండిని పైకి నొక్కి, అడుగున చీజ్‌ పరిచి, దానిమీద మాంసమో కూరగాయలో వేసి, అన్నిటికన్నా పైన టమాటా సాస్‌ పోస్తారు. ఈ తలకిందుల వరసకు కారణం లేకపోలేదు. అంత మందాన ఉన్న పిజ్జా ఉడకాలంటే అరగంటకు పైనే పడుతుంది. చీజ్‌ పైన ఉంటే అంతసేపట్లో మాడిపోతుంది. సాస్‌ దానికి దుప్పటి కప్పినట్లు కాపాడుతుంది. వెన్న కలిసిన అంచు బిస్కట్‌లా గుల్లగా విరుగుతుంది. 1971లో మొదలైన లూ మల్నాటీస్‌, 1974 నుంచి పైన ఇంకో పొర పిండి కప్పి ‘స్టఫ్డ్‌’ పిజ్జా చేస్తున్న జోర్డానోస్‌ ఈ దారిలో పేరు పొందిన సంస్థలు.

షికాగో అనగానే పర్యాటకులందరికీ గుర్తొచ్చేది ఈ లోతు పిజ్జానే. ఊరివాళ్లు మామూలు రోజుల్లో ఎక్కువగా తినేది మాత్రం పల్చటి ‘టావెర్న్‌’ పిజ్జా. అప్పడంలా పెళుసుగా కాల్చి, త్రికోణాలుగా కాకుండా చిన్న చిన్న చదరపు ముక్కలుగా కోస్తారు. బార్లలో కబుర్లు చెప్పుకొంటూ ఒక చేత్తో గ్లాసు, ఇంకో చేత్తో ముక్క పట్టుకునేందుకు వీలుగా వచ్చిన పద్ధతి అది. షికాగో వెళ్లే మన పిల్లలెవరైనా ఉంటే ఈ రెండో పిజ్జాను మాత్రం వదులుకోవద్దు. నా దృష్టిలో ఆ ఊరి అసలు రుచి అదే.

కార్ల ఫ్యాక్టరీ ట్రేలో పుట్టింది

డెట్రాయిట్‌ అంటే కార్లు. 1946లో ‘బడ్డీస్‌’ అనే బారు నడిపిన గస్‌ గెర్రా పిజ్జా కాల్చడానికి వాడింది కార్ల ఫ్యాక్టరీల్లో చిన్న చిన్న విడిభాగాలు వేసుకునే నీలిరంగు ఉక్కు ట్రేలను. దీర్ఘచతురస్రాకారం, మందమైన రేకు, ఎత్తయిన అంచులు. ఆ ట్రేయే పిజ్జాకు రూపమిచ్చింది.

నూనె రాసిన ట్రేలో తడి ఎక్కువగా ఉన్న పిండిని పరిచి పొంగనిస్తారు. విస్కాన్సిన్‌లో తయారయ్యే వెన్న శాతం ఎక్కువున్న ‘బ్రిక్‌’ చీజ్‌ ముక్కల్ని ట్రే గోడకు తగిలేదాకా పోస్తారు. ఓవెన్‌లో ఆ చీజ్‌ కరిగి గోడకూ రొట్టెకూ మధ్యకు జారి, అక్కడే వేగిపోతుంది. బయటకు తీసేసరికి నాలుగు పక్కలా ముదురు గోధుమరంగు పెళుసు అంచు! లోపల చూస్తే గుల్లగుల్లగా మెత్తటి రొట్టె. ఆ పైన టమాటా సాస్‌ను గీతలుగా పోస్తారు. మూల ముక్కలో రెండు వైపులా ఆ అంచు ఉంటుంది కాబట్టి ఇంట్లో పిల్లలు దానికోసం పోటీపడతారు. అమెరికా ఊరి పిజ్జాలన్నిటిలో ఇంట్లో చేసుకోవడానికి తేలికైనది కూడా ఇదే. మామూలు ఓవెన్‌ వేడి సరిపోతుంది, గుండ్రంగా సాగదీసే పనితనం అక్కర్లేదు, బరువైన కేకు ట్రే ఉంటే చాలు.

పెట్టె కోసం పుట్టిన పిజ్జా

ఇక చైన్ల సంగతి. ఊరి పిజ్జాలు ఊరివాళ్ల కోసం పుడితే, చైన్లు అన్ని ఊళ్లలోనూ ఒకే రుచి ఇవ్వడం కోసం పుట్టాయి. చిత్రమేమిటంటే, వీటి పుట్టిళ్లు పిజ్జాకు పేరున్న నగరాలేవీ కావు. 1958లో కాన్సాస్‌ రాష్ట్రంలోని విచితాలో డాన్‌, ఫ్రాంక్‌ కార్నీ అనే అన్నదమ్ములు తల్లి దగ్గర 600 డాలర్లు అప్పు తీసుకుని పిజ్జా హట్‌ తెరిచారు. మరుసటేడు మిషిగన్‌లో మైక్‌, మరియన్‌ ఇలిచ్‌ దంపతులు లిటిల్‌ సీజర్స్‌ మొదలుపెట్టారు. ఆ పై ఏడు అదే రాష్ట్రంలోని ఇప్సిలాంటీ అనే కాలేజీ పట్నంలో టామ్‌, జేమ్స్‌ మోనగన్‌ సోదరులు కొన్న చిన్న దుకాణమే తర్వాత డామినోస్‌ అయింది. కొన్ని నెలలకే జేమ్స్‌ తన వాటాను డెలివరీకి వాడే ఫోక్స్‌వ్యాగన్‌ బీటిల్‌ కారుకు బదులుగా సోదరుడికి వదిలేసి తప్పుకున్నాడు. 1984లో ఇండియానాలో జాన్‌ ష్నాటర్‌ తండ్రి బారులోని చిన్న గదిలో ఓవెన్‌ పెట్టుకుని పాపా జాన్స్‌ ప్రారంభించాడు.

వీటిలో పిజ్జా హట్‌ది కూర్చుని తినే పద్ధతి. నూనె పోసిన మందపాటి పాన్‌లోనే పిండి పొంగి, అందులోనే కాలడంతో అడుగు వేయించినట్లు ఎర్రగా వస్తుంది. డామినోస్‌ది ఇంటికి చేర్చే పద్ధతి. హాస్టల్‌ గదుల్లోని విద్యార్థులే దాని తొలి ఖాతాదారులు. పిజ్జా ఇంటికి చేరాలంటే పెట్టె కావాలి. పల్చటి అట్టపెట్టెలు ఆవిరికి మెత్తబడి కుంగిపోయేవి. ముడతల అట్టతో గట్టి పెట్టె రావడంలో డామినోస్‌ది పెద్ద పాత్ర. అయితే పెట్టెలో ఆవిరి ఉన్నంతసేపూ రొట్టె మెత్తబడుతూనే ఉంటుంది. నేపుల్స్‌ పిజ్జాను అలా పెడితే పది నిమిషాల్లో సాగిపోతుంది. కాబట్టి చైన్లు ఆ ప్రయాణాన్ని తట్టుకునే రొట్టెను తయారుచేసుకున్నాయి. నీళ్లు కాస్త తక్కువ, నూనె, చక్కెర కాస్త ఎక్కువ, తేమ తక్కువుండే చీజ్‌.

పని పద్ధతీ మారింది. పిండిని ఒకచోట పెద్ద కేంద్రంలో కలిపి, ముద్దలు చేసి, చల్లటి వ్యాన్లలో దుకాణాలకు పంపుతారు. అక్కడ కట్టెల పొయ్యికి బదులు కన్వేయర్‌ ఓవెన్‌ ఉంటుంది. ఒక వైపు పచ్చి పిజ్జా పెడితే కదిలే బెల్టు మీద మెల్లగా లోపలికి వెళుతుంది. పైనుంచీ కిందనుంచీ వేడిగాలి బలంగా కొడుతుంది. ఆరేడు నిమిషాల్లో రెండో వైపు నుంచి కాలిన పిజ్జా బయటకొస్తుంది. నేపుల్స్‌లో ఏళ్ల తరబడి నేర్చుకునే పనిని ఇక్కడ బెల్టు వేగం చూసుకుంటుంది. కొత్తగా చేరిన కుర్రాడు కూడా అదే పిజ్జా ఇవ్వగలడు. అర్ధరాత్రి ప్రయాణంలో, తెలియని ఊళ్లో, పిల్లలు ఆకలంటున్నప్పుడు ఆ నమ్మకం విలువ తక్కువేం కాదు.

ఊరి పిజ్జాల మీద చైన్లకు ఎప్పుడూ ఓ కన్నుంటుంది. డామినోస్‌ ‘బ్రూక్లిన్‌ స్టైల్‌’ పేరుతో న్యూయార్క్‌ తీరును, లిటిల్‌ సీజర్స్‌, 2021లో పిజ్జా హట్‌ డెట్రాయిట్‌ తీరును తమ మెనూల్లోకి తెచ్చుకున్నాయి. ఊరు కనిపెడితే చైన్‌ దాన్ని దేశమంతా తిప్పుతుంది.

మన దగ్గరికొచ్చేసరికి...

మన దేశంలో డామినోస్‌ తొలి దుకాణం దిల్లీలో, పిజ్జా హట్‌ తొలి దుకాణం బెంగళూరులో తెరుచుకున్నాయి. రెండూ 1996లోనే. ఇప్పుడు డామినోస్‌ దుకాణాలు భారత్‌లో రెండు వేలు దాటాయి. అమెరికాను మినహాయిస్తే ఆ సంస్థకు ఎక్కువ దుకాణాలున్నది మన దగ్గరే. 30 నిమిషాల్లో రాకపోతే ఫ్రీ అన్న హామీ ఒక తరం పిల్లలకు కంఠతా వచ్చు. అమెరికాలో మాత్రం రోడ్డు ప్రమాదాల కేసుల తర్వాత 1993లోనే ఆ హామీని ఎత్తేశారు. చండీగఢ్‌లో 2011లో మొదలైన లా పినోజ్‌ ఈమధ్య పెద్ద పెద్ద ముక్కలతో న్యూయార్క్‌ తరహాను మన పట్టణాలకూ పరిచయం చేస్తోంది.

పనీరు, తందూరీ చికెన్‌, పచ్చిమిర్చి, మొక్కజొన్న... పైన వేసేవాటిని మన నోటికి తగ్గట్టు మార్చడంలో చైన్లు బాగానే గెలిచాయి. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకూ ఇలాంటి పిజ్జాలు సుపరిచితమే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని జాంటే అనే దుకాణం 1986 నుంచే పాలకూర సాస్‌, తందూరీ చికెన్‌, కొత్తిమీరతో పిజ్జా చేస్తోంది. ఆ బాటలో వచ్చిన దేశీ పిజ్జా దుకాణాలు తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో పుట్టినరోజు విందులకు ఆసరా అయ్యాయి.

అయితే మన పట్టణాల్లో రొట్టె సంగతి ఎవరూ పట్టించుకోలేదు. బేకరీల్లో రెడీమేడ్‌ బేస్‌ మీద సాస్‌ రాసి, ఉల్లిపాయ, క్యాప్సికమ్‌ చల్లి వేడిచేసి ఇచ్చేస్తారు. గోంగూర వేసినా గుంటూరు కారం చల్లినా కింద ఉండేది అదే బేస్‌ అయితే అది మన ఊరి పిజ్జా అనిపించుకోదు. నిజానికి మనకు లేనిదేముంది? నేపుల్స్‌ పరిసరాలవాళ్లు గర్వంగా చెప్పుకొనే మోజరెల్లా గేదె పాలతో చేసేది. గేదె పాల ఉత్పత్తిలో ప్రపంచంలోనే మొదటి స్థానం మనది, తెలుగు పల్లెల్లో ఇంటింటా కాగేవీ ఆ పాలే. మదనపల్లెలో దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి ఉంది. హైదరాబాద్‌ పాత బేకరీలకు కట్టెల భట్టీల్లో రొట్టెలు, బిస్కట్లు కాల్చిన అనుభవం ఉంది. పాలు, టమాటా, పొయ్యి మూడూ మన ముంగిట్లోనే ఉన్నాయి.

ఏది ఎప్పుడు తినాలి?

నేపుల్స్‌ పిజ్జా: కట్టెల పొయ్యి ఉన్న రెస్టరంట్‌కు వెళ్లి అక్కడికక్కడే తినాలి. పెనం మీది దోసెలాగే దీనికీ ఆలస్యం పనికిరాదు. పార్సిల్‌ చేయించుకోవద్దు. మొదటిసారి మార్గెరీటాతోనే మొదలుపెట్టండి.

న్యూయార్క్‌ తరహా: ముక్కను మడిస్తే కొస వాలిపోకుండా నిలవాలి. మిగిలితే మర్నాడు పెనం మీద మూతపెట్టి వేడిచేసుకోవచ్చు. మైక్రోవేవ్‌లో పెడితే రొట్టె రబ్బరులా సాగుతుంది.

షికాగో లోతు పిజ్జా: నలుగురు కలిసి, తీరిగ్గా ఉన్న రోజు తినాలి. ఒక్కొక్కరికి రెండు ముక్కలు దాటవు.

డెట్రాయిట్‌ తరహా: ఇంట్లో ప్రయత్నించాలనుకునేవారికి ఇదే మంచి మొదలు.

పాన్‌ పిజ్జా: దుకాణంలో కూర్చుని, పాన్‌ వేడి తగ్గకముందే తినాలి. పెట్టెలోకెళితే దాని గొప్పైన కరకర పోతుంది.

హ్యాండ్‌ టాస్డ్‌, థిన్‌ క్రస్ట్‌: ఇంటికి తెప్పించుకోవడానికి ఇవే నయం. చేతికందగానే మూత తెరిచి ఆవిరి పోనివ్వాలి. టాపింగ్స్‌ రెండు మూడుకు మించితే వాటి నీటికి మధ్యభాగం నానిపోతుంది.

నా ఓటు ఎటంటే...

చైన్లలో కూర్చుని తినడానికి పిజ్జా హట్‌ పాన్‌, ఇంటికి తెప్పించుకోవడానికి డామినోస్‌ థిన్‌ క్రస్ట్‌ నా ఎంపిక. ఊరి పిజ్జాల్లో మొదటి స్థానం ఎప్పటికీ నేపుల్స్‌దే, రెండోది డెట్రాయిట్‌ది. ఒకటి తొంభై సెకన్ల పనితనం, ఇంకొకటి చేతికందిన ఇనుప ట్రేతో చేసిన అద్భుతం. రెండింటికీ పెట్టుబడి పెద్దదేం కాదు. తమ దగ్గరున్న దానితో తమ జనానికి నచ్చేలా రొట్టె కాల్చాలన్న పట్టుదల, అంతే.

ఆ పట్టుదల మన విజయవాడ, వరంగల్‌, హైదరాబాద్‌ కుర్ర వంటగాళ్లకూ రావాలి. కొత్త టాపింగ్‌ కోసం వెతకడం ఆపి, పిండిని ఒక రాత్రి పులియనిచ్చి, మన గేదె పాల చీజ్‌తో, మన టమాటాతో ఒక్క పిజ్జా బాగా కాల్చి చూడండి. తినేవాళ్లం మనమూ మన వంతు చేద్దాం. ఈసారి పిజ్జా ముందుకు రాగానే పైన ఏముందో చూసే ముందు ముక్కను తిప్పి అడుగు చూడండి. సమంగా ఎర్రగా కాలి, విరిస్తే చిన్న చప్పుడు చేస్తే అది మంచి పిజ్జా. తెల్లగా, పిండివాసన వేస్తుంటే మొహమాటపడకుండా ఇంకాస్త కాల్చి ఇమ్మని అడగండి. తినేవాళ్లు రొట్టె గురించి అడగడం మొదలుపెడితేనే వండేవాళ్లు దాని గురించి ఆలోచిస్తారు.